చంద్రగిరి దగ్గర వదిలేసిన పాత రోడ్డును మళ్లీ తెరవాలా, చెట్లకే వదిలేయాలా?

శేషాచలం నీడ:
చిత్తూరు–తిరుపతి రహదారిని వెడల్పు చేసినప్పుడు వంపు తీసి నేరుగా వేయడంతో చంద్రగిరి దగ్గర పాత తారురోడ్డు ముక్క ఒకటి పక్కన మిగిలిపోయింది. వాననీరు పగుళ్లలోకి దిగి గడ్డి మొలిచింది. వేళ్లు తారును పెళ్లలుగా పైకి లేపాయి. ఇప్పుడక్కడ తంగేడు, కానుగ పెరుగుతున్నాయి. కంకర మధ్య తీతువు పిట్ట నాలుగు గుడ్లు పెట్టింది, వంగి చూసినా ఏది రాయో ఏది గుడ్డో తెలియదు. ఈ దారిని బాగుచేసి బండ్లకు తెరవాలని ఎవరో అర్జీ పెట్టారట. నేను వ్యతిరేకిస్తున్నాను. న్యూయార్క్‌లో 1980లో రైళ్లు ఆగిపోయిన వంతెన మీద మొక్కలు వాటంతటవే మొలిస్తే, 2009లో దానిని తోటగా తెరిచారు.

పాత చిత్తూరువాడు:
అది రైలుమార్గం. మనం మాట్లాడుతున్నది రోడ్డు గురించి.

శేషాచలం నీడ:
అయితే సియోల్ చూడండి. 1970లో కట్టిన పైవంతెనను 2017లో మొక్కలతో నడకదారిగా మార్చారు.

పాత చిత్తూరువాడు:
అక్కడ మొక్కలు కుండీల్లో ఉన్నాయి. న్యూయార్క్‌లోనూ తమంతట మొలిచినవాటిని తీసేసి కొత్తగా నాటారు. కాబట్టి మీరు చూపిన రెండూ మనుషులు డబ్బు పెట్టి పెంచిన తోటలే తప్ప వదిలేసిన దారులు కావు.

కాలువగట్టు:
అక్కడ సగం సర్కారు తుమ్మ, వయ్యారిభామ. మా అబ్బాయికి ఆ పుప్పొడి పడదు.

హరిత:
2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత చిన్నపాపను చంపిన సంగతి మరిచిపోకండి. పొదలంటే ఇక్కడ అందరికీ భయమే.

శేషాచలం నీడ:
వయ్యారిభామను పూతకు రాకముందే పీకించవచ్చు, దారి అంచుల్లో పొదలు కొట్టించవచ్చు. అందుకోసం మొత్తం తారు పోయనవసరం లేదు. 2010లో జీవావరణ కేంద్రంగా ప్రకటించిన శేషాచలం కొండల పాదాల దగ్గర, లేఅవుట్ల మధ్య ఇంత పచ్చదనం దానంతటది నిలిచింది. దానిని తుడిచేయాలనేవారికి పిట్టల గోడు పట్టదు.

పాత చిత్తూరువాడు:
పిట్టల గోడు నాకు పట్టదని మీరెలా అంటారు? ఆ అర్జీ పెట్టినవాడిని నేనే. ఆ పాత రోడ్డుకు భూమి ఇచ్చింది మా తాత. కొత్త రహదారి మధ్యలో గోడ లేచాక నా పొలం అవతల పడింది, ఆవులను తోలుకెళ్లాలంటే చుట్టూ తిరగాలి. మాకు దారి పోయిన రోజు ఒక్కరూ మాట్లాడలేదు. గడ్డి మొలిచాక మాత్రం అందరూ వచ్చారు. 2013 భూసేకరణ చట్టంలోని 101వ సెక్షన్ ప్రకారం అయిదేళ్లు వాడని భూమిని తిరిగి ఇవ్వాలి.

శేషాచలం నీడ:
ఆ సెక్షన్ ఆ చట్టం కింద తీసుకున్న భూములకే వర్తిస్తుంది. మీ తాతగారు ఇచ్చింది అంతకు ఎంతో ముందు, పైగా అది ఏళ్ల తరబడి రోడ్డుగా వాడుకలో ఉంది.

పాత చిత్తూరువాడు:
చట్టం సంగతి వకీలు చూసుకుంటాడు. నేను అడిగేది దారి.

శేషాచలం నీడ:
బండ్లకా, ఆవులకా? ఆవులకైతే ఒక పక్కన మట్టిబాట చాలు. దానికి నేనూ సంతకం పెడతాను. తారు పోస్తే మాత్రం రేపు ఆ పక్కనే ప్లాట్లు వేస్తారు. నా అసలు భయం అదే.

పాత చిత్తూరువాడు:
ప్లాట్లు వేస్తామని నన్ను అడిగినవారు ఇప్పటికే ఉన్నారు, నేను ఒప్పుకోలేదు. కానీ ఎరువుల ట్రాక్టరు పోని దారికి నేను సంతకం పెట్టను.