చెన్నైలో పిల్లలు గోడ మీద వేసిన బొమ్మ: కింది భాగం రంగు నిలవడం లేదు

నేను డ్రాయింగ్ టీచర్‌ని. మా స్కూలు ప్రహరీగోడ మీద తొమ్మిదో తరగతి పిల్లలు పళ్ళికరణై చిత్తడి నేల బొమ్మ వేశారు, 2022లో రామ్‌సార్ గుర్తింపు (ముఖ్యమైన చిత్తడి నేలలకి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చిందే అది. పైన ఫ్లెమింగోలు, కింద చేతికి గ్లౌజులతో పారిశుద్ధ్య కార్మికురాలు, పక్కన పుస్తకం పట్టుకున్న ఆవిడ కూతురు. పిల్లలకి ఆ ఇద్దరే ముఖ్యం. పాడవుతున్నదీ వాళ్ళే.

నేల నుంచి రెండడుగుల ఎత్తు వరకే రంగు ఉబ్బి, పొరలుగా ఊడుతోంది. గీకితే కింద తెల్లటి ఉప్పు పొడి. తడిగుడ్డతో తుడిస్తే పోతుంది, ఆరగానే మళ్ళీ తేలుతుంది. పైభాగం చెక్కుచెదరలేదు. పాత ఇటుక గోడ, సిమెంటు పూత. దగ్గర్లో పైపులు లేవు, మొక్కల పాదులు లేవు.

వేసవిలో ఆ మేర వైరు బ్రష్‌తో గీకి, బాగా ఎండనిచ్చి, సిమెంట్ ప్రైమర్, పైన ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ రెండు కోట్లు వేయించాం. అక్టోబరు వానలు మొదలయ్యాక మళ్ళీ అదే తంతు. పెయింటరు వాటర్‌ప్రూఫ్ కోటింగ్ వేద్దామంటున్నారు. చెమ్మ బయటికి పోయే దారి లేక ఇంకా పైకి, ఆ అమ్మాయి ముఖం దాకా ఎక్కుతుందేమోనని నా టెన్షన్.

ఇలాంటి గోడకి కింది రెండడుగుల సిమెంటు పూత కొట్టేసి, సున్నం పూత పెట్టించి, సున్నపు రంగులతో గీయిస్తే చెన్నై వానలకి నిలుస్తుందా? చేసి చూసినవాళ్ళు దయచేసి చెప్పండి.