30 ఆంప్ ట్రైలర్‌కి రెండో ఏసీ పెట్టించాలా, లోపలికొచ్చే వేడిని ఆపాలా?

ఫ్రిస్కో అమ్మాయి

అందరికీ నమస్కారం. మాది 28 అడుగుల ట్రావెల్ ట్రైలర్, అంటే బండి వెనక తగిలించి లాక్కెళ్లే ఇల్లు. 30 ఆంప్ కనెక్షన్, పైన ఒకటే 13,500 బీటీయూ (గంటకి తీసేసే వేడి లెక్క) ఏసీ. జులైలో అమ్మానాన్న గుంటూరు నుంచి వస్తున్నారు. వాళ్లని తీసుకుని టెక్సస్ నుంచి అమరిల్లో, ఆల్బకర్కీ మీదుగా అరిజోనాలోని గ్రాండ్ కాన్యన్ వెళ్లాలని అనుకుంటున్నాం. ముందు ఒకసారి చూద్దామని దగ్గర్లో క్యాంప్‌గ్రౌండ్‌లో పెట్టాం. మధ్యాహ్నం మూడింటికి బయట 104 ఫారెన్‌హీట్, లోపల 88. ఏసీ మాత్రం పొద్దుట్నుంచి ఆగకుండా నడుస్తూనే ఉంది.

డీలర్‌ని అడిగితే, "ఆర్‌వీ (ఇలాంటి చక్రాల ఇల్లు) ఏసీ బయటికన్నా 20 డిగ్రీలే తగ్గించగలదు, మీది బాగానే పనిచేస్తోంది, ఇంకా చల్లగా కావాలంటే బెడ్‌రూమ్‌లో రెండోది పెట్టించుకోండి" అన్నారు. మా ఆయన పెట్టించేద్దాం అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. నాన్నకి బీపీ ఉంది, వేడి తట్టుకోలేరు. కాబట్టి ఏదో ఒకటి చేయక తప్పదు. ఏం చేయమంటారు?

హ్యూస్టన్ బాబాయ్

రెండోది పెట్టించమ్మా, ఆలోచించకు. 20 డిగ్రీల లెక్క అందరూ చెప్పేదే. బయట 104 ఉంటే లోపల 84 వచ్చిందంటే అదే గొప్ప. పెద్దవాళ్లు ఉన్నప్పుడు డబ్బు చూసుకోకూడదు. ఒక ఏసీ మీదే ఆధారపడితే అది దారిలో చెడిపోయిందంటే ఏం చేస్తావు? ఈ రూఫ్ ఏసీలు సీల్ చేసి వస్తాయి, గ్యాస్ నింపించుకునే వీలుండదు. పోతే మొత్తం మార్చాల్సిందే. జులైలో రోడ్డు మీద ఆ పని ఎవరు చేస్తారు?

ఫీనిక్స్ ఎండ

బాబాయ్ గారూ, స్పేర్‌గా రెండోది ఉండటం మంచిదే, అది ఒప్పుకుంటాను. కానీ ఆ 20 డిగ్రీల మాట తప్పు. మనవాళ్లలో చాలామంది దాన్ని నమ్మి చెమటలు కక్కుతూ కూర్చుంటున్నారు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

ఏసీ బయటి గాలిని చల్లబరచదు. లోపలి గాలినే పీల్చి, చల్లబరిచి, మళ్లీ లోపలికే వదులుతుంది. 20 డిగ్రీల తేడా ఉండాల్సింది గాలి పీల్చుకునే గ్రిల్ దగ్గరికీ, చల్లగాలి వచ్చే రంధ్రం దగ్గరికీ మధ్య. ఆ తేడా 16 నుంచి 22 మధ్య ఉంటే మిషను ఆరోగ్యంగా ఉన్నట్టు. లోపల 80 ఉంటే 60 గాలి వస్తుంది, దాంతో గది ఇంకా దిగుతుంది. ఎక్కడ ఆగుతుందంటే, గోడల్లోంచి, అద్దాల్లోంచి వచ్చే వేడీ ఏసీ తీసేసే వేడీ సమానమైన చోట. బయటి ఉష్ణోగ్రతలోంచి 20 తీసేస్తే వచ్చే అంకె కాదది. ఇక్కడ 2023లో జూన్ 30 నుంచి జులై 30 దాకా వరసగా 31 రోజులు 110 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంది. ఆ లెక్కే నిజమైతే ఫీనిక్స్‌లో ఆర్‌వీల్లో ఉన్నవాళ్లంతా అన్ని రోజులూ 90కి పైన ఉడికిపోయి ఉండాలి. ఎండ తగలకుండా జాగ్రత్తపడ్డవాళ్లు 80 దగ్గర ఉండగలిగారు.

ఇప్పుడు మీ 30 ఆంప్ సంగతి. 120 వోల్టుల మీద 30 ఆంప్ అంటే 3,600 వాట్లు. ఒక్కో ఏసీ వేడి రోజుల్లో 13 నుంచి 16 ఆంప్‌లు లాగుతుంది. రెండూ వేస్తే బ్యాటరీ చార్జరుకీ, ఫ్రిజ్‌కీ ఏం మిగులుతుంది? బ్రేకర్ పడిపోతుంది. మంచి ఎండలో పార్కంతా ఏసీలు వేస్తే వోల్టేజ్ కూడా పడిపోతుంది. 104 వోల్టుల కన్నా దిగితే, తక్కువ వోల్టేజ్‌ని పసిగట్టే రకం సర్జ్ ప్రొటెక్టర్ కట్ చేసేస్తుంది, అది లేనివాళ్లకి కంప్రెసర్ దెబ్బతినొచ్చు. అంటే రెండోది బిగించినా, అవసరమైన ఆ మధ్యాహ్నం మూడింటి వేళకి ఒకటే నడుస్తుంది. 50 ఆంప్ రిగ్ (పెద్ద ఆర్‌వీ) అయితే వేరే మాట, దానికి 12,000 వాట్లు వస్తాయి.

అమ్మాయి గారూ, పది డాలర్ల థర్మామీటర్ ఒకటి కొని గ్రిల్ దగ్గరా, దానికి దగ్గర్లో ఉన్న రంధ్రం దగ్గరా కొలిచి ఇక్కడ రాయండి. అది చూడకుండా ఏమీ కొనకండి.

ఎల్‌పాసో కూలర్

నేనైతే కూలర్ అంటా. మా కరీంనగర్‌ల ఎండకాలం మొత్తం కూలర్ మీదనే ఎల్లదీసేది. ఇక్కడ పొడి గాలి, చిన్న కూలర్‌కు చాలా తక్కువ కరెంటు సరిపోతది, బ్యాటరీ మీద గూడ నడుస్తది. జనరేటర్ లొల్లి లేదు.

హ్యూస్టన్ బాబాయ్

తమ్ముడూ, ఎల్‌పాసోలో సరే. మా హ్యూస్టన్‌లో కూలర్ పెడితే పరుపు తడిసిపోతుంది తప్ప చల్లబడదు. మచిలీపట్నంలో కూలర్ ఎందుకు పనిచేయదో ఇక్కడా అంతే.

ఫీనిక్స్ ఎండ

ఇద్దరిదీ నిజమే. మే, జూన్‌లలో అరిజోనాలో కూలర్ బంగారంలా పనిచేస్తుంది. జులైలో మాన్సూన్ తేమగాలి తిరిగాక చాలా రోజులు చేతులెత్తేస్తుంది. అమ్మాయి గారి ప్రయాణం జులైలో కాబట్టి దాన్ని నమ్ముకోవద్దు. ఇంకో సంగతి, కూలర్‌కి కిటికీ తెరవాలి, ఏసీకి మూయాలి. రెండూ కలిపి వేస్తే ఏసీ ఆ తేమని పిండటానికే సరిపోతుంది.

డెన్వర్ కొండదారి

అసలు ఈ పోరాటం ఎందుకండీ? చక్రాలున్న ఇల్లు కొన్నది చల్లని చోటికి వెళ్లడానికే కదా. వెయ్యి అడుగులు ఎక్కితే పొడి వాతావరణంలో దాదాపు 5 డిగ్రీలు, మబ్బుగా ఉంటే 3 డిగ్రీలు తగ్గుతుంది. ఫీనిక్స్ 1,100 అడుగులు, ఫ్లాగ్‌స్టాఫ్ దాదాపు 7,000. ఒకే రోజు ఫీనిక్స్‌లో 110 ఉంటే ఫ్లాగ్‌స్టాఫ్‌లో 80ల్లో ఉంటుంది. గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్ కూడా 7,000 అడుగుల దగ్గరే. జులై రాత్రి అక్కడ మీ నాన్నగారు దుప్పటి అడుగుతారు. ఒకటి గుర్తుంచుకోండి, అక్కడ మాథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో కరెంటు ఉండదు, జనరేటర్‌కి వేళలుంటాయి. కరెంటు కావాలంటే ట్రైలర్ విలేజ్‌లో ముందుగా బుక్ చేసుకోవాలి.

జనరేటర్ మీద ఏసీ నడుపుదామనుకుంటే, వెయ్యి అడుగులకి సుమారు మూడున్నర శాతం బలం పోతుంది. 7,000 అడుగుల దగ్గర పావు వంతు పోయినట్టే. దానితోపాటు కార్బన్ మోనాక్సైడ్ అలారం పనిచేస్తోందో లేదో చూసుకోకుండా జనరేటర్ ముట్టుకోవద్దు. పైకప్పు ఫ్యాను గాలిని బయటికి తోస్తుంటే, తెరిచిన కిటికీలోంచి పక్కవాడి జనరేటర్ పొగని కూడా లోపలికి లాగేస్తుంది.

ఫ్రిస్కో అమ్మాయి

ఫీనిక్స్ గారూ, కొలిచాను. గ్రిల్ దగ్గర 88, రంధ్రం దగ్గర 75. తేడా 13 మాత్రమే. మీరు చెప్పిన 16 కూడా లేదు.

మా ఆయన స్టూల్ ఎక్కి సీలింగ్ గ్రిల్ ఊడదీశారు. ఫిల్టర్ దుమ్ముతో బూడిదరంగు చాపలా అయిపోయింది. లోపల టార్చ్ వేసి చూస్తే చల్లగాలి గదికీ, వెనక్కి పీల్చే గదికీ మధ్య ఉన్న రేకు ఒక పక్క ఊడి వేలాడుతోంది. నా రెండు వేళ్లు పట్టేంత సందు! చల్లగాలి మా మీదికి రాకుండా అక్కణ్ణుంచే తిరిగి ఏసీలోకి పోతోంది. అల్యూమినియం ఫాయిల్ టేపుతో మొత్తం మూసేశాం, ఫిల్టర్ కడిగి పెట్టాం. మామూలు గుడ్డ టేపు వేడికి ఊడిపోతుందని దాని జోలికి పోలేదు.

ఈ రోజు కూడా బయట 104 దగ్గరే. గ్రిల్ దగ్గర 82, రంధ్రం దగ్గర 63.

ఫీనిక్స్ ఎండ

శభాష్! చూశారా, ఇప్పుడు లోపల 82, బయటికన్నా 22 తక్కువ. ఇంకా అద్దాల పని మొదలుపెట్టనేలేదు. ఏసీ మీద రాసే 13,500 కూడా బయట 95 ఉన్నప్పటి లెక్క, 104లో అంత రాదు. అందుకే లోపలికొచ్చే వేడిని ఆపడం ఇంకా ముఖ్యం.

పడమటి ఎండ నేరుగా పడితే చదరపు అడుగు అద్దంలోంచి గంటకి సుమారు 200 బీటీయూల వేడి వస్తుంది. అటువైపు 15 చదరపు అడుగుల అద్దం ఉంటే 3,000, అంటే మీ ఏసీలో దాదాపు నాలుగో వంతు దానికే పోయింది. లోపల కర్టెన్ వేస్తే అప్పటికే వేడి లోపలికొచ్చేసి ఉంటుంది. తెర బయట వేయండి, తేడా మీకే తెలుస్తుంది. ట్రైలర్ ముందు భాగం దక్షిణానికి పెడితే తలుపు ఉన్న కుడివైపు పడమరకి వస్తుంది, మధ్యాహ్నం ఆనింగ్ (తలుపు పక్కన చాపే గుడ్డ పందిరి) నీడ దాని మీద పడుతుంది. గాలి లేస్తే మాత్రం వెంటనే చుట్టేయండి, మాన్సూన్ గాలికి ఆనింగ్‌ని పట్టుకునే రాడ్లు విరిగిపోతాయి. పైకప్పు వెంట్లకి 14 అంగుళాల ఫోమ్ దిండ్లు దొరుకుతాయి, బాత్‌రూమ్ స్కైలైట్‌ని కూడా కప్పండి. వంట బయట, ఆనింగ్ కింద ఇండక్షన్ స్టవ్ మీద. కుక్కర్ ఆవిరి లోపల వదిలారంటే ఏసీకి అదో అదనపు చాకిరీ.

ఏసీని పొద్దున ఎనిమిదింటికే వేయండి. గోడలు, పరుపులు, అల్మరాలు వేడెక్కాక వేస్తే సాయంత్రం దాకా వాటినే చల్లబరుస్తూ ఉంటుంది.

హ్యూస్టన్ బాబాయ్

82 అంటే మంచిదేనమ్మా. అయినా నా మాట మారదు. మా గల్ఫ్ తీరంలో చాలాసార్లు రాత్రి కూడా 80 దిగదు, గాలంతా తేమ. నీడ, తెర ఎన్ని పెట్టినా తేమని ఆపవు, దాన్ని పిండాలంటే ఏసీయే కావాలి. 50 ఆంప్ రిగ్‌లు కొనేవాళ్లు రెండోది పెట్టించుకోవాలనే చెబుతాను. ఇంకొకటి, ఇటువైపు వచ్చినప్పుడు ఫ్యాను ఆటోలో పెట్టండి. ఏసీ ఆగాక కూడా ఫ్యాను తిరుగుతుంటే కాయిల్ మీది తడంతా మళ్లీ గదిలోకే వస్తుంది.

ఫ్రిస్కో అమ్మాయి

బాబాయ్ గారూ, మా ప్రయాణం పడమటివైపు కాబట్టి ఈ జులైకి రెండోది పెట్టించడం లేదు. అద్దాలకి బయటి తెరలు కొంటున్నాం. నాకిప్పుడు భయమంతా మొదటి రాత్రి గురించే. విచిటా ఫాల్స్ మీదుగా అమరిల్లో చేరేసరికి సాయంత్రం ఆరవుతుంది. ఆ ఊరి దగ్గర్లోని పాలో డ్యూరో కాన్యన్ పార్కులో దిగుదామా?

డెన్వర్ కొండదారి

వద్దు. అమరిల్లో 3,600 అడుగులు కాబట్టి రాత్రికి చల్లబడుతుంది, కానీ ఆ కాన్యన్ అడుగు పైకన్నా బాగా వేడి. పెద్దవాళ్లతో పైనే, ఊళ్లో కరెంటున్న చోట దిగండి.

ఫీనిక్స్ ఎండ

రోజంతా మూసి లాక్కొచ్చిన ట్రైలర్‌లో లోపల బయటికన్నా ఎక్కువ వేడి ఉంటుంది. చేరగానే ఏసీ వేయకండి. తలుపు, కిటికీలు తీసి, పైకప్పు ఫ్యాను బయటికి తోసేలా పెట్టి పది పదిహేను నిమిషాలు ఆ వేడిగాలిని పంపేయండి. తర్వాత అన్నీ మూసి ఏసీ హైలో. ఆ గంటా అమ్మానాన్నల్ని కారు ఏసీలోనే కూర్చోబెట్టండి. నాన్నగారి మందులు కూడా ట్రైలర్ అల్మరాలో కాకుండా కారులో మీతోనే ఉంచుకోండి.