పాత కారు బ్రేకులు: బ్లీడింగ్ చేసినా పెడల్ కిందికే పోతోంది, ఎక్కడ చూడాలి?

నమస్తే అండీ. నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే ఉన్న పాత కారు. బూస్టర్ (తొక్కే బలాన్ని పెంచేది) లేదు, మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఫ్లూయిడ్‌ని చక్రాలకు నెట్టేది) ఒకే సర్క్యూట్‌ది, అంటే నాలుగు చక్రాలకీ కలిపి ఒకటే. కొత్త వీల్ సిలిండర్లు (చక్రం దగ్గర షూలను డ్రమ్ముకి నొక్కేవి) వేశాక ఇంట్లోనే బ్లీడింగ్, అంటే బ్రేక్ పైపుల్లోని గాలి తీయడం, చేస్తున్నాం. ఒకరు పెడల్ తొక్కి పట్టుకుంటే ఇంకొకరు చక్రం దగ్గర గాలి వదిలే నిపుల్‌ని వదులు చేసి, పెడల్ లేవకముందే బిగిస్తున్నాం. అన్నిటికంటే దూరంగా ఉన్న వెనక చక్రంతో మొదలుపెట్టాం. బ్రేక్ ఫ్లూయిడ్ కొత్తది, డాట్ 4 రకం; మాస్టర్ సిలిండర్‌కి ఫ్లూయిడ్ ఇచ్చే డబ్బా ఖాళీ కానివ్వలేదు.

నిపుల్‌కి తగిలించిన గొట్టంలో ఇప్పుడు బుడగలు రావట్లేదు. అయినా మొదటిసారి తొక్కితే పెడల్ దాదాపు అడుగుదాకా పోతోంది. వెంటనే రెండు మూడుసార్లు కొడితే పైకొచ్చి గట్టిపడుతోంది. అలాగే నొక్కి ఉంచితే మెల్లగా దిగిపోవడం మాత్రం లేదు, అందుకే మాస్టర్ సిలిండర్ సీళ్ల మీద నాకు అనుమానం తక్కువ. లీకు ఎక్కడా కనబడలేదు.

షూలు (డ్రమ్ముకి లోపలినుంచి ఒరుసుకుని చక్రాన్ని ఆపేవి) డ్రమ్ముకి దూరంగా ఉన్నా ఇలాగే అవుతుందంటారు. ఆ దూరాన్ని సరిచేసే అడ్జస్టర్లను చక్రం ఆగేదాకా బిగించి మళ్లీ బ్లీడ్ చేయమంటారా? ఇంకో భయం కూడా ఉంది. పాత మాస్టర్ సిలిండర్‌లో పెడల్ పూర్తిగా తొక్కితే, పిస్టన్ ఎప్పుడూ వెళ్లని చోట ఉన్న తుప్పు సీళ్లను గీకేస్తుందట. పెడల్ కింద చెక్కముక్క పెట్టి తొక్కడం సరైన పద్ధతేనా?

స్వయంగా చేసినవాళ్లు దయచేసి చెప్పండి. ఇది తేలేదాకా బండిని రోడ్డెక్కించను.