సమస్యాపూరణం: "ఉప్పునీట దాహముడిగిపోయె"

ఈ వారం సమస్య:

ఉప్పునీట దాహముడిగిపోయె

ఛందస్సు ఆటవెలది. ఇచ్చింది నాలుగో పాదం, పై మూడు పాదాలూ మీవి. ఈసారి విషయం కూడా ముందే కట్టేశాం: వేసవి సెలవులు, సముద్రపు ఒడ్డున ఇల్లు, ఆ ఇంటికి దిగిన చుట్టాలు. దాహం ఎవరిదో, ఉప్పునీరు ఏదో తేల్చాల్సింది మీరు. "నీట" అన్నదాన్ని నీటిలో అనైనా, నీటితో అనైనా తీసుకోవచ్చు. పాదాల చివర విసంధిని (సంధి కలపకుండా వదిలెయ్యడాన్ని) ఇక్కడ తప్పు పట్టం.

ఒక కొత్త సభ్యుడి ప్రశ్న: గురువుగారూ, ఈ పాదంలో యతి, అంటే మొదటి అక్షరానికి జతయ్యే అక్షరం, ఎక్కడుందండీ? "ఉ"కి జత నాకు కనబడటం లేదు.

జవాబు: గణాలు విడదీసి చూడండి బాబూ. ఉప్పు / నీట / దాహ / ముడిగి / పోయె. ఆటవెలదిలో సరి పాదానికి ఐదూ సూర్యగణాలే, అంటే గలం (గురువు, లఘువు) గానీ నగణం (మూడు లఘువులు) గానీ. బేసి పాదమైతే మూడు సూర్యగణాల మీద రెండు ఇంద్రగణాలు (నల, నగ, సల, భ, ర, త). యతి ఎప్పుడూ నాలుగో గణం మొదటి అక్షరం దగ్గర. ఇక్కడది "ము". దాహము + ఉడిగి కలిసి దాహముడిగి అయింది కాబట్టి ఆ "ము"లో "ఉ" దాక్కుని ఉంది. పాదం మొదటి "ఉ"కి అదే జత.

అతనే మళ్ళీ: అర్థమైంది. ఉప్పునీళ్ళు తాగితే దాహం తీరదన్న ఒక్క మాట మీదే కదా సమస్య అంతా నిలబడింది?

జవాబు: అంతే. సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పుంటుంది. మన మూత్రపిండాలు అంత ఉప్పగా మూత్రాన్ని తయారు చెయ్యలేవు. లోపలికి పోయిన ఉప్పును బయటికి పంపాలంటే తాగిన నీళ్ళు చాలక ఒంట్లో ఉన్న నీళ్ళు కూడా ఖర్చవుతాయి. అందుకే తాగినకొద్దీ దాహం పెరుగుతుంది. అలాంటిది "ఉడిగిపోయె" అనిపించాలి మీరు. కానివ్వండి.

పూరణ 1

కడలి చూడ గోరి కదలివచ్చిన యత్త
అలల నురుగు కాళ్ళనంటి మురియ
కనులు కోరుకున్న కల నిజమాయెగా
ఉప్పునీట దాహముడిగిపోయె

సమీక్ష: దాహాన్ని గొంతు నుంచి కళ్ళకు మార్చారు. సులువైన దారే అయినా శుభ్రంగా నడిచింది. మొదటి పాదానికి ఏ చేర్పూ అక్కర్లేదు. చిక్కు రెండో పాదంలో ఉందమ్మా. "అంటి మురియ" అంటే మురిసింది నురుగా, అత్తా? చదివేవాళ్ళు ఒక్క క్షణం ఆగిపోతారు. "కాళ్ళనంట మురిసె" అనండి. నురుగు తాకగానే అత్త మురిసింది అని తిన్నగా అర్థమవుతుంది, గణమూ చెడదు, యతీ చెడదు.

పూరణకర్త్రి: "అంట మురిసె" చాలా బాగుందండీ, మార్చేసుకుంటున్నాను. పద్యంలో అత్త మా మేనత్తే. చెప్పులు చేత్తో పట్టుకుని అలా నిలబడిపోయింది. ఇంటికి పోదాం రమ్మంటే వినిపించుకోదే!

పూరణ 2

బండి కదలుచుండ పలుకలేకను నిల్చి
చెల్లి చేయి పట్టె, చెంప తడిసె
మాటలాడలేని మమత దప్పిక తీరె
ఉప్పునీట దాహముడిగిపోయె

సమీక్ష: ఉప్పునీరంటే కన్నీరు అని తీసుకున్నారు. ఈ సమస్యకు ఎవరో ఒకరు ఇది రాస్తారని తెలుసు, కానీ రెండో పాదం ఇంత బాగా పడుతుందనుకోలేదు. "చెల్లి చేయి పట్టె, చెంప తడిసె." ఎవరి చెంపో చెప్పలేదు, చెప్పకపోవడమే అందం. దెబ్బతిన్నది మూడో పాదం. "దప్పిక తీరె" అని మీరే అనేస్తే కింద సమస్యకు పనేముంది? ఒకే మాట రెండుసార్లు చెప్పినట్టయింది. "మమత కదియె చాలు" అని చూడండి.

మాటలాడలేని మమత కదియె చాలు
ఉప్పునీట దాహముడిగిపోయె

ఇంకొక సభ్యుడు: పద్యం బాగుందన్నయ్యా, కానీ చిన్న చిలిపి సందేహం. కన్నీటి ఉప్పదనం మన రక్తపు ఉప్పదనమంతే, సముద్రంలో దానికి నాలుగింతలు. కన్నీళ్ళను ఉప్పునీరంటే సముద్రం ఒప్పుకుంటుందా?

పూరణకర్త: సముద్రం సంగతి నాకెందుకు తమ్ముడూ, మా చెల్లెలు ఒప్పుకుంది.

పూరణ 3

రండి రండటంచు రప్పించుకొంటిని
పక్కలెత్తి వేసి పగలు రేయి
చెమట ధార కట్టె, చేరదీసెడి మోజు
ఉప్పునీట దాహముడిగిపోయె

సమీక్ష: ఇది చదివి నవ్వని గృహిణి ఉండదు! పిలవాలన్న దాహం చెమటనీళ్ళలో తీరిపోయిందట. సమస్యను తిరగేసిన తీరు బాగుంది. తీరడమంటే తృప్తి పడటమే కానక్కర్లేదు, విసిగి వదిలెయ్యడం కూడా. "ఉడిగిపోయె"కి ఆ ఎత్తిపొడుపు బాగా నప్పింది. "పక్కలెత్తి వేసి" అన్న ఒక్క మాటలో ఇల్లంతా కనబడుతోంది. రాత్రి హాలునిండా పరుపులు, పొద్దున్నే వాటిని మూల కుప్పపోయడం, మధ్యాహ్నం కునుకు పేరుతో మళ్ళీ దించడం. మూడో పాదంలో "మోజు"నీ సమస్యలోని "దాహము"నీ కలిపే మాట ఒకటి తక్కువైంది. అన్వయంలో మోజు ఒంటరిగా నిలబడింది. సవరణ నేనివ్వను, మీరే వెతకండి.

ఒక సభ్యురాలు: అక్కా, సముద్రం దగ్గర చెమట గురించి నాదొక మాట. గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట ఆరదు, ఒంటి మీదే ఉండిపోతుంది. అందుకే గాలి వీస్తున్నా ఉక్కపోస్తుంది. "ధార కట్టె" అన్నది అతిశయోక్తి కాదు, ఉన్నమాటే.

పూరణకర్త్రి: ఆ ధారకు తోడు బాత్రూం తూములో ఇసుక కూడా చెప్పాలనుకున్నానమ్మా. గణాలు కుదరలేదు. మళ్ళీ వేసవికి పిలవనని ఒట్టు పెట్టుకున్నానని మాత్రం అనుకోవద్దు. అప్పుడే మా వదిన ఫోన్ చేసింది, నేను రమ్మన్నాను.

పూరణ 4

పొద్దు పొడవగానె పోటు వచ్చును నిత్య
మనుచు బాలలెల్ల మురిసినారు
ఆట కోరు పిల్లలందరి యెదలోని
ఉప్పునీట దాహముడిగిపోయె

సమీక్ష: ఇక్కడ మూడు అభ్యంతరాలున్నాయి.

ముందు యతి. రెండో పాదం మొదట "మ", నాలుగో గణం మొదట "ము". హల్లు ఒకటే కదా అనుకుంటే చాలదు, అచ్చులకూ మైత్రి ఉండాలి. అకారానికి ఉకారంతో చెల్లదు. తర్వాత పునరుక్తి: "బాలలెల్ల" అన్నాక "పిల్లలందరి" ఎందుకు? ఒక పాదమంతా ఖర్చయిపోయింది.

మూడోది ఛందస్సుది కాదు, సముద్రానిది. పోటు రోజూ ఒకే వేళకు రాదు బాబూ. చాలా తీరాల్లో రోజుకు రెండుసార్లు వస్తుంది, ఒక పోటుకీ మరో పోటుకీ నడుమ సుమారు 12 గంటల 25 నిమిషాలు. పోటును నడిపించేది ముఖ్యంగా చంద్రుడు కాబట్టి, మన గడియారం ప్రకారం అది రోజురోజుకూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. ఇవాళ పొద్దున్న 6 గంటలకు వస్తే రేపు 7 గంటలకు దగ్గర పడుతుంది. వారానికి ఆ పోటే మధ్యాహ్నానికి చేరుతుంది. అమావాస్యకూ పౌర్ణమికీ నీరు ఇంకా ఎక్కువగా ఎక్కుతుంది, దిగేటప్పుడు ఇంకా ఎక్కువగా దిగుతుంది. పిల్లల్ని నీళ్ళలోకి తీసుకెళ్ళే ఇంట్లో ఈ లెక్క తెలిసినవాళ్ళు ఒకరైనా ఉండాలి. పద్యంలో "నిత్యము" అని రాసి దాన్ని తప్పించెయ్యకండి.

పూరణకర్త: నమస్కారం గురువుగారూ. మొత్తం తీసేసి మళ్ళీ రాశాను, చూడండి.

చందమామ తోడ సాగు పోటని యెంచి
అదను చూచి బాలలాడినారు
ఏడు పొడవు వేచి యెదురుచూచినవారి
ఉప్పునీట దాహముడిగిపోయె

సమీక్ష: ఇదీ పద్యమంటే! చ–సా, అ–లా (బాలలు + ఆడి), ఏ–యె, యతులన్నీ కుదిరాయి. అన్నిటికన్నా "చందమామ తోడ సాగు పోటు" అన్నది మొదటి రూపంలోని తప్పును కవిత్వంగా మార్చేసింది. "ఏడు పొడవు" అన్న పాత పలుకుబడి కూడా పిల్లల ఎదురుచూపుకు సరిగ్గా అతికింది.

ఒక సభ్యుడు: "అదను చూచి" అన్నమాటను ఇంకొంచెం సాగదీస్తాను. పోటు ఒక్కటే కాదు, అలలు విరిగే వరుస మధ్యలో అక్కడక్కడ నీరు ప్రశాంతంగా కనిపించే చీలికలుంటాయి. ఊరి నుంచి వచ్చినవాళ్ళు అలలు లేవు కదా అని అక్కడే దిగుతారు. ఒడ్డుకు వచ్చిన నీరు తిరిగి సముద్రంలోకి లాక్కుపోయే దారి చాలాసార్లు అదే. అందులో చిక్కితే ఒడ్డుకేసి ఎదురీది అలసిపోకూడదు. తీరం వెంబడే పక్కకు ఈది ఆ లాగుడు దాటాక ఒడ్డుకు తిరగాలి. ఈత రాని చుట్టాలకు మాత్రం మోకాలి లోతు దాటనివ్వకపోవడమే మర్యాద. అల్లుడుగారైనా సరే.

పూరణ 5

కాచి యావిరైన కడలి జలము పట్టి
చల్లబరచి మామ సంతసించె
విడిచిపెట్టి యుప్పు విమలమౌ నీరాయె
ఉప్పునీట దాహముడిగిపోయె

సమీక్ష: చుట్టాల్లో ఒక సైన్సు మామ ఉండనే ఉంటాడు. నీరు ఆవిరవుతుంది, ఉప్పు గిన్నె అడుగున మిగిలిపోతుంది, ఆ ఆవిరిని చల్లార్చి పట్టుకుంటే మంచినీళ్ళు. దాహాన్ని దాహంగానే, ఉప్పునీటిని ఉప్పునీరుగానే ఉంచి పూరించింది ఇప్పటిదాకా మీరొక్కరే. గణాలూ యతులూ సరే. అయితే ఒక మెలిక. ఉప్పు విడిచాక అది ఉప్పునీరెలా అవుతుంది?

పూరణకర్త: ఉప్పునీటి నుంచి పుట్టింది కాబట్టి ఉప్పునీరే. పెళ్ళయి వెళ్ళినా మా ఇంటి పిల్ల మా ఇంటి పిల్లే కదండీ.

సమీక్ష: వాదన గట్టిగానే ఉంది, వ్యాకరణమే ఒప్పుకోవడం లేదు. "నీట" అన్నదానికి "నీటి నుండి" అన్న అర్థం లాగాల్సి వస్తోంది. చమత్కారం కోసం సరిపెట్టుకుందాం. పైగా పద్యంలో మిగతా చుట్టాలు లేరు, మామ ఒక్కడే గిన్నె ముందు కూర్చున్నాడు.

పూరణ 6

నోటబట్టి యలను నురుగుతో మ్రింగిన
చిట్టి మనుమరాల! చెంబు నిడుదు
ఏరికైన చెపుమ యేనాటికైనను
ఉప్పునీట దాహముడిగిపోయె?

సమీక్ష: సమస్యను ప్రశ్నగా మార్చడం పాత ఎత్తే, అవధానాల్లో తరచూ వినేదే. కానీ ఆ ప్రశ్నను తాతగారి నోట పెట్టడం కొత్తగా ఉంది. అల మింగిన పిల్లకు మంచినీళ్ళ చెంబు ఇస్తూ మందలిస్తున్నారు. "ఉడిగిపోయెనా" అని ఉండాలి కదా అనేవాళ్ళకు జవాబు: కాకువు. గొంతు విరుపుతో ప్రశ్న తెలుస్తుంది, "ఆ" అక్కర్లేదు. మొదటి పాదంలో నో–ను యతి చక్కగా ఉంది. "చెంబు నిడుదు" కొంచెం బిగుసుకుంది, మనుమరాలితో ఏ తాతా అలా మాట్లాడడు. మిగిలిన పద్యమంతా మాటలా సాగుతుంటే ఇదొక్కటే పుస్తకంలా పలుకుతోంది.

పూరణ 7

ఇంటి ముందె యున్న నెన్నడు చూడని
కడలి చెంత నిలిచి కాళ్ళు తడిపి
చుట్టములకు తోడు చూపరి నైతిని
ఉప్పునీట దాహముడిగిపోయె

సమీక్ష: ఈ వారం నా ఓటు దీనికే. వచ్చిన పూరణల్లో చాలావాటిలో దాహం చుట్టాలదో, పిల్లలదో, మనుమరాలిదో అయింది. ఇక్కడ ఆ దాహం ఇంటివాడిది. సముద్రపు ఒడ్డున ఇల్లున్నవాడు సముద్రానికి వెళ్ళడు. గేటుకు పట్టిన తుప్పు తుడుస్తాడు, కిటికీ అద్దాల మీద ఉప్పుపొర కడుగుతాడు, గాలి ఎటు వీస్తే అటు బట్టలారేస్తాడు. ఎవరో వచ్చి "పదండి, చూద్దాం" అంటే తప్ప అటు నడవడు. ఆతిథ్యం ఇచ్చేవాడే అతిథైపోయాడు. పద్యంలో ఒక్క అలంకారం లేదు, "చూపరి నైతిని" అన్న క్రియలో అంతా ఉంది. యతులు కూడా చూడండి: ఇ–నె (ఉన్నను + ఎన్నడు), క–కా, చు–చూ.

పూరణ 3 రాసిన అక్కయ్య: బాగుంది, ఒప్పుకుంటాను. కానీ ఈయన కాళ్ళు తడుపుకుని చూపరి అయిన ఆ సాయంత్రం ఇంట్లో పక్కలు వేసిందెవరో కూడా ఒక పాదంలో చెప్పుంటే నేనూ ఓటేసేదాన్ని.

పూరణ 7 రాసినాయన: అమ్మా, పక్కలు నేనే వేశాను. నమ్మకపోతే మా ఆవిడను అడగండి.

అక్కయ్య: అడుగుతా. నంబరు పంపండి.

వచ్చే వారానికి తేటగీతి. ప్రతి పాదానికీ ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు. యతి ఇక్కడా నాలుగో గణం దగ్గరే, ప్రాసయతీ (మొదటి అక్షరాలకు బదులు వాటి పక్కనున్న రెండో అక్షరాలు జత కుదరడం) చెల్లుతుంది. సమస్య ఇదీ:

వెళ్ళిపోయిన చుట్టాలు వెడలరైరి