పోలీసులు ఫోన్లు వింటే తప్పేంటి? తిరుపతి, చిత్తూరు వాళ్ళు చెప్పండి

అలిపిరి వాసి:
2003 అక్టోబర్ 1న మా దగ్గర ఏం జరిగిందో ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు. బ్రహ్మోత్సవాలకు పట్టువస్త్రాలు తీసుకుని కొండకు వెళ్తున్న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడి మీద అలిపిరిలో క్లేమోర్ మైన్లు పేల్చారు. రోజూ వేలమంది వచ్చే ఊరు ఇది. పోలీసులు ఫోన్లు, వాట్సాప్‌లు చూడకూడదంటే వీళ్ళందరినీ కాపాడేదెవరు? తప్పు చేయనివాడికి టెన్షన్ ఎందుకు?

కొర్లగుంట:
అన్నా, అసలు వినొద్దని నేను అనను. కొండ భద్రత నాకూ ముఖ్యమే, మా ఇల్లూ ఇక్కడే. ఎవరి సంతకంతో వింటున్నారు, ఆ సంతకాన్ని ఎవరు తనిఖీ చేస్తున్నారు అన్నదే నా బాధ.

రాష్ట్రంలో హోం కార్యదర్శి ఆర్డర్ ఇస్తారు. అది 60 రోజులు చెల్లుతుంది, పొడిగిస్తే 180 రోజుల దాకా నడుస్తుంది. ఆర్డర్ సరైనదేనా అని చూసే కమిటీకి ప్రధాన కార్యదర్శి అధ్యక్షులు. అంతా ప్రభుత్వం లోపలే, జడ్జి ఎక్కడా లేడు. ఎవరి ఫోన్ విన్నారో వాళ్ళకు ఎప్పటికీ చెప్పరు, ఇక కోర్టుకు ఎలా పోతారు? 2024 డిసెంబర్‌లో ఫోన్లు వినే నియమాలు కొత్తగా రాసినప్పుడైనా ఇది మార్చలేదు.

కేంద్రంలోనూ ఇలాంటి కమిటీయే ఉంది. అది రెండు నెలలకోసారి కూర్చుని, ఒక్కో సమావేశంలో 15,000 నుంచి 18,000 ఆర్డర్లు చూడాల్సి వస్తోందని డేటా రక్షణ చట్టం కోసం వేసిన జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ 2018లో రాసింది. అన్ని ఆర్డర్లు ఎవరైనా చదివి సంతకం పెడతారా?

ఇక తప్పు చేయనివాడి సంగతి. ఒక్క మాట వినక్కర్లేదు, కాల్ లిస్టు చాలు. నంబరు, టైము, ఎన్ని సెకన్లు, ఏ టవర్. రాత్రి 11కు రుయా ఆసుపత్రికి ఫోన్, అర్ధరాత్రి బెంగళూరులో ఉన్న కొడుక్కి, తెల్లారగానే గాంధీ రోడ్డులో తాకట్టు షాపుకు. ఆ ఇంటి కష్టమంతా మూడు వరుసల్లో తెలిసిపోయింది. ఆ ఇంటాయన చేసిన తప్పేంటి? ఈ లిస్టును కంపెనీలు రెండేళ్ళు ఉంచాలని 2021 డిసెంబర్‌లో షరతు పెట్టారు. దీనికి హోం కార్యదర్శి దాకా పోనక్కర్లేదు, ఎస్పీ స్థాయి అధికారి అడిగితే ఇస్తారు.

మిట్టూరు, చిత్తూరు:
మా పెద్దమ్మకు డిజిటల్ అరెస్ట్ అంటూ వీడియో కాల్ చేసి, గదిలోంచి కదలనివ్వకుండా డిపాజిట్ మొత్తం లాగేశారు. ఆ కాల్ లిస్టు లేకపోతే దొంగల్ని ఎలా పట్టుకుంటారు తమ్ముడూ? జడ్జి సంతకం వచ్చేలోపు డబ్బు పది ఖాతాలు దాటిపోతుంది.

కొర్లగుంట:
అక్కా, పెద్దమ్మ కేసుకు నా మాట అడ్డం రాదు. ఫిర్యాదు ఉంది, కేసు నంబరు ఉంది, లిస్టు ఎందుకు అడిగారో రికార్డులో ఉంటుంది. నా భయం కేసే లేని ఫోన్ల గురించి. తెలంగాణలో ప్రతిపక్ష నాయకుల ఫోన్లు విన్నారని, హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారని 2024లో పోలీసు అధికారులనే అరెస్ట్ చేశారు. నిజం కోర్టులో తేలాలి. కానీ ఆ సంగతి బయటికి వచ్చిందే ప్రభుత్వం మారిన తర్వాత.

తొందర పనికి నియమాల్లోనే దారి ఉంది. అత్యవసరమైతే ఐజీ స్థాయి అధికారి ముందు మొదలుపెట్టి, ఏడు పనిదినాల్లో హోం కార్యదర్శి ఆమోదం తీసుకోవచ్చు. ఆ ఆమోదం హైకోర్టు జడ్జి ఇవ్వాలంటున్నాను. మొదటి రోజు పనికి గంట కూడా ఆలస్యం కాదు.

అలిపిరి వాసి:
జడ్జీల దగ్గర ఇప్పటికే కేసులు కుప్పలు. వాళ్ళూ చదవకుండా సంతకం పెడితే? రాజకీయ నాయకుల ఫోన్ల విషయంలో మీ మాట ఒప్పుకుంటా. ఉగ్రవాదం విషయంలో మాత్రం ఒప్పుకోను.

కొర్లగుంట:
జడ్జి అయితే కారణం రాయాలన్నా, దాని మీద పై కోర్టుకు పోవచ్చు. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది జడ్జీలు ఏకగ్రీవంగా చెప్పారు. దాన్ని తగ్గించాలంటే చట్టం ఉండాలి, సరైన అవసరం ఉండాలి, ఆ అవసరానికి మించకూడదు. మించిందో లేదో వింటున్నవాళ్ళే ఎలా తేలుస్తారు? ఉగ్రవాదం కేసైనా ఇదే ప్రశ్న. నిఘా ముగిసి ఏ కేసూ లేదని తేలితే, ఫలానా తేదీల్లో మీ ఫోన్ విన్నామని ఆ మనిషికి ఉత్తరం కూడా రావాలి. చట్టంలో ఈ రెండూ చేర్చేదాకా ఇంకెన్ని అధికారాలు అడిగినా నేను ఒప్పుకోను.