అప్‌డేట్: మాంసం ఎంత ఉడికించినా రబ్బరులా వస్తోందని అడిగాను కదా

పోయిన వారం అడిగింది నేనే. రెండు గంటలు పెద్ద మంట మీద పెట్టినా ముక్క గట్టిగా, రసం మడ్డిగా ఎందుకు వస్తోందని. చాలామంది ‘మంట తగ్గించు’ అన్నారు. నిజం చెప్పాలంటే నమ్మలేదు.

తప్పు నాదే. నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. ఆ తర్వాత మంట ఎంత పెంచినా వేడి పెరగదు, ఆవిరైపోవడం ఒక్కటే ఎక్కువవుతుంది. పైగా సలసల మరిగితే కొవ్వు చిన్న చిన్న బొట్లుగా విడిపోయి రసంలో కలిసిపోతుందట, మడ్డితనం అక్కడిది. ఈసారి అంచున ఒకటో రెండో బుడగలు లేచేలా, అంటే 90 డిగ్రీల చుట్టుపక్కల, సన్న సెగ మీద మూడు గంటలు ఉంచాను. ముక్కను గట్టిగా పట్టి ఉంచే కొల్లాజెన్ అనే ప్రోటీన్ మెల్లగా కరిగి మెత్తటి జెలటిన్ అయింది. గరిటె తగిలితే విడిపోయింది! రసం తేటగా ఉంది. మూత పూర్తిగా పెట్టకండి, నాకు ఒకసారి పొంగి స్టవ్ ఆరిపోయింది.

ఇంకో సంగతి. ఆ మూడు గంటలూ అక్క మీద కోపంతో లోపల కుతకుతలాడుతూనే ఉన్నాను. పెద్ద మెసేజ్ టైప్ చేశాను కానీ పంపలేదు. కూర దించేసరికి ఆ మెసేజ్‌లో రెండు వాక్యాలే మిగిలాయి, అవీ ప్రశ్నలే. అవే పంపాను. కోపం పోయిందని కాదు, ఇంకా కొంచెం ఉంది. అక్క రేపు ఫోన్ చేస్తానంది.