మామ్మల నాటి లేసు నమూనాలు కాగితం మీదికి ఎక్కించుకోవడం ఎలా?

నమస్కారమండీ. నర్సాపురం, పాలకొల్లు వైపు మామ్మలు అల్లిన పాత లేసు ముక్కలు మా డ్వాక్రా సంఘంలో పోగుచేశాం. ఒక్కో ముక్క పక్కన అల్లినామె పేరు రాసి పెట్టాలని, ఆ నమూనాలే కొత్తగా నేర్చుకునే ఆడపిల్లలకు అప్పగించాలని సంకల్పం. ఎగుమతైన సరుకు మీద వాళ్ళ పేర్లు లేవు, ఇక్కడైనా ఉండాలి.

అసలు చిక్కు లేసులో అల్లే గుండ్రటి బిళ్ళలతో. 40 నంబరు నూలు దారం, 1 మి.మీ. క్రోషియా సూది వాడుతున్నాం. నడిమి రింగులో 12 ట్రెబుల్ కుట్లు (సూదికి ఒకసారి దారం చుట్టి వేసే పొడుగు కుట్లు) వేసి, వరసకి 12 చొప్పున పెంచితే బిళ్ళ చదునుగా వస్తోంది. తక్కువైతే గిన్నెలా ముడుచుకుంటుంది, ఎక్కువైతే అంచు కుచ్చిళ్ళు పడుతుంది. గొలుసు కుట్లతో జాలీ వేసిన నమూనాల్లో మాత్రం ఈ లెక్క నిలవడం లేదు. పాత ముక్క విప్పకుండా ఒక్కో జాలీకి ఎన్ని గొలుసులో ఎలా లెక్కపెట్టాలి? నల్లగుడ్డ మీద పరిచి, ఫోటో తీసి పెద్దది చేసి చూస్తున్నాం. బిళ్ళల్ని కలిపిన అతుకుపని దగ్గర కుట్లు ఒకదానిమీద ఒకటి పడి ఏమీ తెలియడం లేదండీ.

ఇంకోటి, గుండుసూదుల తుప్పు మరకలు. బ్లీచింగ్ నూలును తినేస్తుంది కాబట్టి దాని జోలికి పోం. నిమ్మరసం, ఉప్పు రాస్తే మరక పోతుంది గానీ, అంత పాత దారం ఆ పులుపుకి తట్టుకుంటుందా? రాసి ఎంతసేపట్లో కడిగెయ్యాలి?

వేలాడదీస్తే లేసు సాగిపోతుంది, గంజి పెడితే పురుగు చేరుతుంది. గుడ్డకి కుట్టి పటం కట్టించాలంటే, మన డెల్టా చెమ్మకి బూజు పట్టకుండా గాజుకీ లేసుకీ ఎంత ఎడం ఉంచాలి? చేసి చూసినవాళ్ళు చెప్పగలరా?